మూడేళ్లకు ఒక మెట్టు

ఒక పీరియడ్ 40 నిమిషాలు అనుకుందాం. 6 నుంచి 8 తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. 40 నిమిషాలను 35 మందికి పంచితే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది 69 సెకన్లు. హాజరు పిలవడం, బోర్డు తుడవడం, వెనక బెంచీ వాళ్లను సర్ది కూర్చోబెట్టడం పోగా మిగిలేది ఇంకా తక్కువ. బాపట్ల జిల్లా పర్చూరు హైస్కూల్లోనైనా, విజయవాడలో లక్ష ఫీజు కట్టే బడిలోనైనా ఈ భాగహారం ఒకటే. ప్రతి బిడ్డకూ తన స్థాయికి తగ్గ పాఠం చెప్పాలన్న మాట ఎన్నేళ్లుగానో వింటున్నాం. అది జరగకపోవడానికి టీచర్ల బద్ధకం కన్నా ఈ 69 సెకన్లే పెద్ద కారణం. ట్యాబులు, స్మార్ట్ టీవీలు, ఇప్పుడు కృత్రిమ మేధ, అన్నీ ఆ సెకన్లను పెంచుతామంటూ వచ్చినవే. పెంచాయో లేదో అంకెల్లో చూడొచ్చు. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకాల పేర్లు మారుతుంటాయి గానీ అంకెలకు ఆ బాధ లేదు.

వెనకబాటు ఎంత ఉందో ముందు తెలియాలి. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే 2024 అసర్ సర్వే వాళ్లు దేశంలో 605 గ్రామీణ జిల్లాల్లో 17,997 ఊళ్లు తిరిగి, 6,49,491 మంది పిల్లల వివరాలు ఇళ్ల దగ్గరే తీసుకున్నారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం 5వ తరగతి పిల్లల్లో 30.7 శాతం మందికి వచ్చింది. 8వ తరగతిలో 45.8 శాతానికి. అంటే బీజగణితం నేర్చుకుంటున్న తరగతిలో సగానికి పైగా పిల్లలకు భాగహారమే పూర్తిగా రాదు.

అంతకన్నా కలవరపెట్టే లెక్క ఢిల్లీ ప్రభుత్వ బడుల పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో ఉంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన ఈ పని 2019లో అచ్చయింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. తొమ్మిదో తరగతి వాళ్లు నాలుగున్నర తరగతులు వెనక. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఆరో తరగతి వాడు మూడున్నర దగ్గర, తొమ్మిదో తరగతి వాడు నాలుగున్నర దగ్గర. మూడేళ్లు బడికి వచ్చి ఎక్కింది ఒక్క మెట్టు. పైగా ఒకే తరగతి గదిలో అయిదారు తరగతుల తేడా ఉన్న పిల్లలు కలిసి కూర్చుంటున్నారు. టీచరు చేతిలో ఉన్నది మాత్రం ఒకటే పుస్తకం. చదువులో అట్టడుగున ఉన్న మూడో వంతు పిల్లలకు, అధ్యయనం నడిచిన ఆ నెలల్లో బడి వల్ల కొత్తగా వచ్చిందేమీ కొలతకు అందలేదు.

ఇక ‘స్థాయికి తగ్గ పాఠం’ చెప్పే సాఫ్ట్‌వేర్ నిజంగా చేసేది ఏమిటి? మన చేలల్లోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కాటాలో మిర్చి 2.5 క్వింటాళ్లు తూగింది, ఇంకో కాటాలో 2.35 క్వింటాళ్లు. ఏది ఎక్కువ? 2.35 ఎక్కువ అని చెప్పే పిల్లలు తక్కువేం ఉండరు. వాళ్ల లెక్కలో 5 కన్నా 35 పెద్దది. ఆ తప్పును ఎర్ర ఇంకుతో కొట్టేసి వదిలేస్తే పిల్లవాడికి తెలిసేది తాను తప్పు రాశానన్న సంగతి ఒక్కటే. ఎందుకు తప్పో తెలియదు. మంచి సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఆగుతుంది. వీడికి దశాంశ స్థానాల దగ్గర చిక్కుందని గుర్తించి, పదో వంతు, వందో వంతు అంటే ఏమిటో చెప్పే లెక్కలకు వెనక్కి తీసుకెళుతుంది. అవి వచ్చాకే ముందుకు పంపుతుంది. పక్క పిల్లకు అదే సమయంలో వేరే లెక్క వస్తుంటుంది. పైన చెప్పిన ఢిల్లీ అధ్యయనంలో వాడిన మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ప్రశ్నలు 45,000కు పైగా ఉన్నాయి. చేసింది అహ్మదాబాదులోని ఎడ్యుకేషనల్ ఇనిషియేటివ్స్ సంస్థ.

ఫలితం? 619 మంది పిల్లల్లో లాటరీ తీసి సగం మందిని మైండ్‌స్పార్క్ కేంద్రాలకు పంపారు. వారానికి 6 రోజులు, రోజుకు 90 నిమిషాలు. అందులో సగం సేపు కంప్యూటర్ ముందు, మిగతా సగం డజను మందికి పైగా పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకున్న ఒక మనిషి దగ్గర. ఈ రెండో సగాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. నాలుగున్నర నెలల తర్వాత లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం మేరకు మెరుగుదల కనిపించింది. ఇంటర్ లెక్కల పుస్తకంలో ఉండే ఆ మాటను మామూలు మాటల్లోకి దించితే: వందమందిలో సరిగ్గా మధ్యన, 50వ స్థానంలో ఉన్న పిల్లవాడు 64 మందిని దాటే చోటికి చేరాడు. అయిదు నెలలు కూడా నిండకుండా ఇది చిన్న ఫలితం కాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతీ అదే. అదే పిల్లలకు బడిలో పెట్టే లెక్కల పరీక్షలో మార్కులు పెరగలేదు. హిందీలో పెరిగాయి గానీ లెక్కల్లో లేదు. కారణం వింటే ఆశ్చర్యమేమీ ఉండదు. ఏడో తరగతిలో కూర్చుని నాలుగో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఈ నెలల్లో అయిదో తరగతి దాకా వచ్చాడు. బడి ప్రశ్నపత్రం ఏడో తరగతిది. అందులో వాడు నేర్చుకున్న భాగహారం మీద ఒక్క ప్రశ్న కూడా లేదు. వాడికి వచ్చినదాన్ని అడిగేవాళ్లు లేరు. అడిగినది వాడికి ఇంకా రాదు. ఇంటికి వచ్చిన మార్కుల కాగితం చూసి అమ్మానాన్నలకు ఏమనిపిస్తుంది? ‘ఆ కంప్యూటర్లతో ఏం ఒరిగింది?’ అనే. స్థాయిని బట్టి పాఠం చెప్పి, తరగతిని బట్టి పరీక్ష పెట్టినంత కాలం ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది.

స్థాయి ఏదో తెలిస్తే చాలు, తక్కిన పని టీచరు చూసుకుంటారని అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ ఆశను మన రాష్ట్రంలోనే ఒకసారి పరీక్షించారు. 2005 నుంచి అయిదేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల్లో, 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ప్రయోగాలు నడిపారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వాటికి తోడుగా నిలిచింది. వాటిలో ఒకటి ఇది: 100 బడుల్లో పిల్లలకు ముందుగా పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో వివరంగా రాసిన నివేదికలు టీచర్లకు ఇచ్చారు. ఏడాది చివర చూస్తే పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు మిగతావాళ్ల కన్నా చురుగ్గా పాఠం చెబుతున్నట్టు కనిపించారు. పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. ఎక్స్‌రే తీసి చేతికిచ్చినంత మాత్రాన విరిగిన ఎముక అతకదు కదా. అదే ప్రయోగాల్లో, పిల్లల పురోగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో రెండేళ్లకు లెక్కల్లో 0.27 ప్రామాణిక విచలనం మేర పెరుగుదల వచ్చింది. తెలిసినదాన్ని వాడుకోవడానికి టీచరుకు సమయమో, కారణమో, రెండూనో ఉండాలి.

ఇప్పుడు ట్యాబుల సంగతి. అది మన బాపట్ల జిల్లా నుంచే మొదలైంది. పర్చూరు ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. కొత్త జిల్లా ఏర్పడిన ఏడాదే, 2022 డిసెంబరు 21న, వేమూరు నియోజకవర్గంలోని యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ ప్రారంభించారు. 4,59,564 మంది పిల్లలకు, 59,176 మంది టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబులు. ఖర్చు 686 కోట్లు. భాగిస్తే ఒక్కో ట్యాబు మీద రూ.13,224. అటూఇటూగా ఇప్పటి ప్రభుత్వం 2025లో తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు తల్లి ఖాతాలో వేసిన 13,000 అంత. ఆ ట్యాబుల్లో బైజూస్ పాఠాలు నింపి ఇచ్చారు. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ పలికిన ఆ కంపెనీ, 158 కోట్ల రూపాయల బాకీ కోసం క్రికెట్ బోర్డు వేసిన పిటిషన్‌తో 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

కంపెనీ ఏమైందన్నది నా దృష్టిలో అంత ముఖ్యం కాదు. ట్యాబులో ఉన్నది ఎనిమిదో తరగతి పాఠం. యానిమేషన్లు, రంగులు బాగుండొచ్చు. నాలుగో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లకు అది బోర్డు మీద అర్థంకాని పాఠాన్ని తెర మీద మళ్లీ చూపించడమే. పెరూ దేశం ఇలాంటి పాఠం మనకన్నా ముందే నేర్చుకుంది. అక్కడి పల్లె బడుల్లో పిల్లలందరికీ లాప్‌టాపులు పంచి, 319 బడుల్లో ఫలితం కొలిచారు. పిల్లల చేతికి యంత్రాలు దండిగా వచ్చాయి. లెక్కల్లో, భాషలో ఏ మార్పూ రాలేదు. యంత్రం కన్నా ముందు పుస్తకాలదీ అదే కథ. కెన్యాలో మైఖేల్ క్రెమర్, ఆయన సహచరులు బడులకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చి చూశారు. సగటు మార్కులు పెరగలేదు. ముందే బాగా చదివే పిల్లలకు మాత్రమే మేలు జరిగింది. పుస్తకాలు ఇంగ్లీషులో, పైస్థాయి పిల్లల కోసం రాసినవి మరి. పుస్తకంలో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ముద్రించే పద్ధతి మన రాష్ట్రంలో వచ్చింది. ఆ ఇబ్బందిలో భాష వరకు ఇది కొంత తీర్చింది. స్థాయి సంగతి అలాగే ఉంది.

క్రెమర్‌కు 2019లో అభిజీత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. చికాగో విశ్వవిద్యాలయంలోని ఆయన బృందం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోని ‘పాల్’ ల్యాబుల మీద కూడా పనిచేసింది. పాల్ అంటే పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్. ఇంటికి తీసుకెళ్లే ట్యాబుకూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ ట్యాబులు బడిలోనే ఒక గదిలో ఉంటాయి, తరగతులు వంతులవారీగా వస్తాయి, పిల్లల జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది.

ఈ తేడా డబ్బు లెక్కలోనూ కనిపిస్తుంది. ఒక గదిలో 30 ట్యాబులు పెట్టాం అనుకోండి. పై ధరకే అయితే రూ.3,96,720. వారంలో ఆ గది 18 పీరియడ్లు నడిచి, ఒక్కో సెక్షన్‌కు రెండు పీరియడ్లు ఇస్తే 9 సెక్షన్లు, 270 మంది పిల్లలు వాడుకుంటారు. ఒక్కొక్కరికి పడే ఖర్చు రూ.1,469. ఇంటికి ఇచ్చే ట్యాబులో తొమ్మిదో వంతు. చార్జింగు, రిపేర్లు, నెట్టు వేరే. అవి రెండు పద్ధతులకూ ఉన్నవే.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. వారానికి రెండు పీరియడ్లు అంటే 80 నిమిషాలు. ఢిల్లీలో 0.37 తెచ్చిన పిల్లలకు ఇచ్చింది వారానికి 540 నిమిషాలు. మందు ఏడో వంతు వేసి పూర్తి గుణం కోరడం న్యాయం కాదు. మధ్యేమార్గంగా గుజరాత్‌లోని వడోదర కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలకు ఒక కంప్యూటరు, వారానికి రెండు గంటలు, లెక్కల ఆటలు. రెండో ఏడాది చివరికి 0.47 మెరుగుదల అని బెనర్జీ, డఫ్లోలు తమ సహచరులతో కలిసి 2007లో రాశారు. పథకం ఆగిన ఏడాదికి అందులో చాలా భాగం కరిగిపోయిందని కూడా వాళ్లే రాశారు. ఏ ల్యాబ్ గురించి విన్నా నేను మొదట చూసేది వారానికి నిమిషాలు. రెండోది, ఎన్నేళ్లు ఆగకుండా నడిచిందన్నది.

ఇంతవరకు చెప్పినవన్నీ రోజూ బడికి వచ్చే పిల్లల లెక్కలు. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు నల్లరేగడి చేలల్లో ఇంకో లెక్క ఉంది. పత్తి తీతలు, మిరప కోతలు, ఒకటి ముగిసేలోపే ఇంకొకటి. శీతాకాలం మొదలు వేసవి దాకా కూలి దొరికే కాలం అదే, బడిలో ముఖ్యమైన పాఠాలు నడిచే కాలమూ అదే. కర్నూలు వైపు నుంచి, ప్రకాశం పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు వలస వస్తాయి, పిల్లలతో సహా. చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. కోతల కాలంలో ఒక బిడ్డ 30 రోజులు మానేస్తే 13.6 శాతం చదువు పోయినట్టు. అంకెగా చూస్తే చిన్నదే. లెక్కల సబ్జెక్టులో అది చాలా పెద్దది, ఎందుకంటే ఆ 30 రోజుల్లో భిన్నాలు అయిపోతే, తర్వాత వచ్చే శాతాలు, నిష్పత్తులు, వడ్డీ లెక్కలు అన్నీ భిన్నాల మీదే నిలబడతాయి. తిరిగి వచ్చిన బిడ్డ కోసం 34 మందిని ఆపి భిన్నాలు మళ్లీ చెప్పే టీచరు ఎక్కడుంటారు? స్థాయిని బట్టి నడిచే పద్ధతికి ఇలాంటి చోటే అసలైన పని. బిడ్డ ఎక్కడ ఆపిందో అక్కడినుంచే పాఠం మొదలవుతుంది. ట్యాబులు పంచే ముందు ఏ ఊళ్లకు, ఏ నెలల్లో అవసరమో చూసుకుని ల్యాబులు పెట్టి ఉంటే, మన ప్రాంతం వరసలో ముందుండేది.

ఈ పని కరెంటు లేకుండా కూడా చేయొచ్చని తెలుగునేలే చాలాకాలం కిందట చూపించింది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. సిలబస్‌ను చిన్నచిన్న అట్ట కార్డులుగా విడగొట్టారు. ఏ కార్డు తర్వాత ఏ కార్డు చేయాలో గోడమీద నిచ్చెనలాంటి పటం చెబుతుంది. ఒకే గదిలో ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు, ఒక్కొక్కరు తమ మెట్టు దగ్గర. కొద్దిరోజులు బడి మానేసి వచ్చిన పిల్ల తాను వదిలిన కార్డు తీసుకుని కూర్చుంటుంది. ఎవరూ తనను ‘వెనకబడ్డావు’ అనరు, ఎందుకంటే అక్కడ వెనక అనే బెంచీయే లేదు. కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో మొదట చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతా పాకిన కృత్యాధార పద్ధతి, రెండిటికీ మూలం ఇక్కడే. పొరుగువాళ్లు వచ్చి నేర్చుకుని రాష్ట్రమంతా అమలు చేశారు. మనం మాత్రం మన పెరటి చెట్టును గుర్తించడంలో ఎప్పటిలాగే ఆలస్యం.

ఇప్పుడు ఫోన్లో కృత్రిమ మేధ వచ్చేసింది, ఇక ల్యాబులెందుకు అనేవాళ్ల కోసం కొన్ని అంకెలు. 2024 అసర్ ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పల్లె పిల్లల్లో 82.2 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకు వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లల మీద చేసిన ప్రయోగం ఇంకా సూటిగా చెబుతుంది. అడిగిన వెంటనే జవాబు ఇచ్చే చాట్‌బాట్ దగ్గర పెట్టుకుని లెక్కలు చేసిన పిల్లలు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ లేకుండా చదివిన వాళ్లకన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా మార్చిన చాట్‌బాట్ వాడిన పిల్లలకు ఆ నష్టం దాదాపు లేదు. పరీక్షలో లాభమూ లేదు. పక్కవాడి నోటుబుక్కు చూసి ఎక్కించుకునే అలవాటుకు కొత్త పేరు పెడితే ఫలితం మారదు.

సెక్షన్లు విడగొట్టడం గురించి కూడా ఒక మాట. కెన్యాలో 121 బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని స్థాయిని బట్టి రెండు సెక్షన్లు చేస్తే, పైవాళ్లకూ కిందివాళ్లకూ ఇద్దరికీ మేలు జరిగింది, సగటున 0.14. మన కార్పొరేట్ కాలేజీలు కూడా సెక్షన్లు చేస్తాయి. తేడా ఏమిటంటే, అనుభవమున్న లెక్చరర్లు పై సెక్షన్లకే వెళతారు. కింది సెక్షన్‌కు మిగిలేది ఫీజు రసీదు.

2024 డిసెంబరు 7న బాపట్ల మున్సిపల్ హైస్కూల్లో ముఖ్యమంత్రి చంద్రబాబు, మంత్రి లోకేశ్ కూర్చున్న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ గుర్తుందా? అదే రోజు రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో తల్లిదండ్రులను పిలిచి పిల్లల ప్రోగ్రెస్ కార్డులు చేతికిచ్చారు. ఆ తర్వాతా ఆ మీటింగులు జరుగుతున్నాయి. ఈసారి వెళ్లినప్పుడు మార్కులతోపాటు రెండు ప్రశ్నలు అడగండి. ‘సార్, మా అమ్మాయి క్లాసు ఏడో తరగతి, సరే. లెక్కల్లో ఏ తరగతి దగ్గర ఉంది? ఆ స్థాయి లెక్కలు వారానికి ఎన్ని నిమిషాలు చేస్తోంది?’ మొదటిదానికి జవాబు లేకపోతే ఒక చిన్న పరీక్ష పెట్టమనండి. పావుగంట పని. రెండోదానికి జవాబు సున్నా అయితే, స్కూల్లో ల్యాబ్ ఉందా, టైంటేబుల్లో దానికి పీరియడ్ ఉందా, కోతల నెలల్లో కూడా అది నడుస్తుందా అని హెచ్.ఎం.ను అడిగి, జవాబును మీటింగు మినిట్స్‌లో రాయించండి.